ఏ పచ్చ?

మూడో వరద వెళ్ళిన తొమ్మిదో ఏడు. ఫాల్గుణం. పొద్దున్నే బుల్లబ్బాయి కుసుమ కంపెనీ తెలుపు డబ్బా మూత తీసి, నాలుగు చుక్కలు నీలం, రెండు చుక్కలు పసుపు వేసి పుల్లతో తిప్పాడు. అట్టముక్క మీద వేలితో రాసి ఎండలో పెట్టాడు. ఆరేదాకా దాన్ని చూడకూడదు. పచ్చిగా ఉన్న రంగు ఒకటి చూపిస్తుంది, ఆరాక ఇంకొకటి అవుతుంది. అంచేత అతను ఎదటి బల్లవంక చూశాడు.

ఎదటి బల్ల తలుపులమ్మది. దాని ముందు అయిదుగురున్నారు. ఇతని ముందు ఎవరూ లేరు.

ఎత్తుపేటలో మూడువందల పన్నెండు ఇళ్ళు. అన్నీ స్తంభాల మీదే. అన్ని గోడలకీ ఊపిరి రంగే. ఉప్పుగాలి తిని, ఎండ తాగి, గోడని పొడిగా ఉంచే రంగు అది. దానికి జబ్బు చేస్తే ముందు మచ్చలా పచ్చలో తేడా వస్తుంది. తరవాత గోడ మెత్తబడి దిగిపోతుంది. అందుకే నెలకోసారి తూనీగ అనే ఎగిరే యంత్రం వచ్చి ప్రతి గోడ ముందూ గాలిలో నిలబడి రంగు చదువుతుంది. రెండు పచ్చలున్నది జబ్బుగోడ. వరసగా రెండు నెలలు అలా తేలితే ఆ ఇంటివాళ్ళు కొండమీది షెడ్లకి పోవాలి. ఆ ఇంటి గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది, మిగతా గుమ్మాల మీద పచ్చదీపం.

పేట కట్టినప్పుడు వేసింది నీలాద్రి వాళ్ళ రంగు. ఆ కార్ఖానా మూడో వరదలో పోయింది. ఇప్పుడు దొరికేది కుసుమ ఒక్కటే. పెచ్చు ఊడిన చోట దానితోనే అతుకు వెయ్యాలి. ఆ రెండు పచ్చలూ తూనీగ లెక్కలో ఎన్నటికీ కలవవు. మనిషి కంటికి మాత్రం కలుస్తాయి, కూర్చేవాడు కూరిస్తే. కాబట్టి లెక్క కుదరని గోడ దగ్గర తూనీగ ఆగి, పేటకి ఒక్కడు చొప్పున పెట్టిన సాక్షిని అడుగుతుంది. ఒకటేనా, వేరా? అతను చెప్పింది రాసుకుని పోతుంది.

తొమ్మిదేళ్ళుగా ఎత్తుపేట సాక్షి బుల్లబ్బాయి.

మధ్యలో రంగులు కూర్చే యంత్రాలు మూడు వచ్చాయి. ఎండలో అవి కలిపిన రంగులు దీపాల వేళకి విడిపోయాయి. వాటిని మూలన పడేశారు. యంత్రాలు వచ్చినప్పుడు బుల్లబ్బాయికి బాధ లేదు, పోయినప్పుడు సంబరం లేదు. తలుపులమ్మ సంగతి వేరు. ఆమెదీ కన్నే.

వరదకి ముందు ఆమె కాకినాడలో ఒక మ్యాచింగ్ సెంటర్లో ఇరవయ్యేళ్ళు జాకెట్టు ముక్కలు కోసింది. రెండేళ్ళ కిందట పేటకి వచ్చింది. ఊరికే కూర్చోలేక పక్కింటివాళ్ళ గోడకి అతుకు రంగు కలిపి ఇచ్చింది. కలిసింది. అప్పటినించీ పేరు మ్యాచింగమ్మ.

"మా గోడ చిలకపచ్చే కదా, మ్యాచింగమ్మా?" అంటోంది బల్ల ముందున్న ఒకావిడ.

"ఆ చిలక ముసల్దైపోయిందండి, పిన్నిగారూ. గోంగూరాకులోకి దిగింది. అతుకు ఒక్క పిసరు ముదురెయ్యాలండి. చీర కంటే జాకెట్టు కాస్త ముదురుంటేనే ఒక తానులో గుడ్డలా ఉంటాది. అచ్చంగా అదే రంగు కోశామనుకోండి, ఎలిసిపోయిన జాకెట్టు తొడుక్కున్నట్టుంటాది."

అందరూ నవ్వారు. బుల్లబ్బాయి నవ్వలేదు. ఆ మాట నిజమని అతనికి వినగానే తెలిసింది. తొమ్మిదేళ్ళలో తనకి తట్టలేదని కూడా తెలిసింది.

వరసలో చివరనున్న వీర్రాఘవులు ఇటు వచ్చాడు. "ఏమండీ బాబాయ్‌గారూ, తవరు ఖాళీయే కదండీ?"

"ఆరలేదు. రేపు రా."

"రేపేటండి బాబూ, రేపు తూనీగొచ్చేత్తాది!" అని వీర్రాఘవులు మళ్ళీ వెళ్ళి అదే వరసలో నిలబడ్డాడు.

బుల్లబ్బాయి లేచి, తన బల్ల మీది టార్పాలిన్ తాడు విప్పి, రెండు మూరలు ముందుకి లాగి కట్టాడు. నీడ తలుపులమ్మ బల్ల మీద పడింది. ఆమె తలెత్తి టార్పాలిన్‌ని చూసింది, అతన్ని చూసింది. కొట్లో అలవాటు కొద్దీ అట్టముక్క పట్టుకుని వీధి మధ్యకి, ఎండలోకి నడిచింది. అయిదుగురూ ఆమె వెనకే నడిచారు. ఇప్పుడు రెండు బల్లల ముందూ ఎవరూ లేరు. అదీ అతనికి బాగుండలేదు.

పోయిన నెల తూనీగ తలుపులమ్మ ఇంటి గోడ దగ్గర ఆగింది. ఆమె అతుకు ఆమే కూర్చుకుంది. బుల్లబ్బాయి చూసి "వేరు" అన్నాడు. అతనికి నిజంగానే వేరుగా కనపడింది. కనపడినందుకు సంతోషం కూడా వేసింది. రేపు రెండోసారి.

పొద్దు వాలుతుండగా అతను ఆమె ఇంటికి వెళ్ళాడు. దొంగచాటుగా మళ్ళీ వేసిందేమో చూద్దామని. అతుకు అలాగే ఉంది. దండెం మీద బట్టలు తీస్తున్న తలుపులమ్మ స్టూలు వేసింది. అతను కూర్చోలేదు.

"మళ్ళీ వెయ్యలేదే?"

"కలిసిందాన్ని కెలకడం ఎందుకండి?"

"కలవలేదు."

"సరేనండి. నా అతుకు ఏం రంగండి?"

"పచ్చ."

"గోడో?"

"పచ్చ."

"ఏ పచ్చండి?"

బుల్లబ్బాయి మళ్ళీ గోడవంక చూశాడు.

"కొట్లో చేరిన కొత్తలో ఒక పెళ్ళివారొచ్చేరండి. పచ్చ ముక్క రెండు మీటర్లన్నారు. నేను ఆకుపచ్చ కోసేశాను. ఆళ్ళకి కావలసింది పసుపుపచ్చండి, పెళ్ళికూతురికి. ఆవేళ మా షావుకారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేడు. ఇక అక్కడినించి ఎవరు పచ్చన్నా ఏ పచ్చా అని అడక్కుండా కత్తెరెత్తలేదండి నేను." దండెం మీది తువ్వాలు చూపించింది. "అదో, అదేటండి?"

"పచ్చే."

తలుపులమ్మ ఆ తువ్వాలు తీసి మడత పెట్టింది. చాలాసేపు మడత పెట్టింది.

"ఎన్నాళ్ళ నించండి?" అంది మెల్లిగా. "అది నీలవండి, బాబాయ్‌గారూ. ఆకాశనీలం."

"నా కంటికి పరీక్ష పెడతావా?" అని అతను మెట్లు దిగిపోయాడు.

ఇంటికి చేరి డాబా ఎక్కాడు. ఇంకా వెలుతురుంది. రేకు పెట్టెలో నీలాద్రి వాళ్ళ పాత పచ్చల నమూనా పట్టీలు నలభై ఉన్నాయి. వెనక నంబర్లుంటాయి. పసుపు వైపునించి నీలం వైపుకి, ఒకటినించి నలభై. అతను చదివింది మూడో తరగతి. అక్షరాలకన్నా ఈ నలభై పచ్చలే అతనికి బాగా వచ్చు. పట్టీలు కలిపేసి, నంబర్లు చూడకుండా పేర్చాడు. తిరగేశాడు. పదకొండు తరవాత పదిహేడు ఉంది. ఇరవైరెండు వెళ్ళి ముప్ఫై పక్కన కూర్చుంది.

మళ్ళీ కలిపాడు, మళ్ళీ పేర్చాడు. పదకొండు తరవాత పదిహేడే. ఇరవైరెండు ముప్ఫై పక్కనే. అదే వరస. చెయ్యి జారితే ఒక్కోసారి ఒక్కోలా జారుతుంది. ఇది జారడం కాదు. అతని కంట్లో పసుపు దిగింది. ఎప్పుడు దిగిందో తెలియనంత మెల్లిగా దిగింది. ఇన్నాళ్ళూ అందరూ పచ్చ అన్నారు, తనూ పచ్చ అన్నాడు. ఏ పచ్చ అని ఎవరూ అడగలేదు.

అప్పుడు అతనికి తలుపులమ్మ వీధిలో ఉండిన సింహాద్రి గుర్తొచ్చాడు. పోయినేడు వాళ్ళ గోడకి తలుపులమ్మే కూర్చింది. రెండు నెలలూ తను "వేరు" అన్నాడు. సింహాద్రి తల్లిని వీపున వేసుకుని కొండ ఎక్కాడు.

తెల్లారింది. తూనీగ వచ్చి తలుపులమ్మ గోడ ముందు నిలబడింది. ఆమె మూటలు రెండు మెట్ల మీద ఉన్నాయి, కట్టి. వీర్రాఘవులూ, ఇంకా నలుగురూ కింద నిలబడ్డారు.

"లెక్క కుదరలేదు. సాక్షీ, ఒకటేనా, వేరా?"

బుల్లబ్బాయి చూశాడు. వేరుగానే కనపడింది. అంతా తెలిశాక కూడా ఆ కన్ను మారలేదు. ఒకటే అనేస్తే ఈమె ఇల్లు నిలబడుతుంది, తన సాక్షితనమూ నిలబడుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. వచ్చే నెల ఇంకో గోడ. ఆ పై నెల ఇంకొకటి.

తలుపులమ్మ అతని నోటివంక చూస్తోంది. బతిమాలలేదు. అదీ అతనికి నచ్చలేదు.

"తెలీదు," అన్నాడు.

"ఒకటేనా, వేరా?"

"నా కన్ను పోయింది. రెండేళ్ళయి ఉంటుంది. ఆవిణ్ణడుగు."

తూనీగ కదలలేదు. దానికి ఉన్నవి రెండే జవాబులు. మూడోసారి అడిగింది. అతను నోరు విప్పలేదు. దాని పొట్ట కింది దీపం ఎరుపూ కాలేదు, పచ్చా కాలేదు. లోపల ఎక్కడో రెండేళ్ళ వెనక్కి వెళ్ళి అతని సాక్ష్యాలన్నీ కొట్టేసింది కాబోలు, వీధి పొడుగునా గుమ్మాల మీది ఇంటిదీపాలు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలెట్టాయి. అతను ఒకటే అన్న ఇళ్ళవీ, వేరు అన్న ఇళ్ళవీ. మూసేసిన సింహాద్రి ఇంటి మీది ఎర్రదీపం కూడా ఆరింది.

"ఏటండి ఇది! ఇప్పుడు మా ఇల్లు ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు వీర్రాఘవులు.

"మళ్ళీ చదవాలి. అన్నీ," అన్నాడు బుల్లబ్బాయి.

తూనీగని అక్కడే వదిలి బజారుకి నడిచాడు. టార్పాలిన్ తాడు విప్పి వెనక్కి లాగాడు. తలుపులమ్మ బల్ల మీద ఎండ పడింది. ఆమె వచ్చేదాకా నిలబడి, రేకు పెట్టె తెరిచి నలభై పట్టీలూ ఆమె ముందు కుమ్మరించాడు.

"పేర్చు. వెనక చూడకు."

ఆమె పేర్చింది. ఎంతోసేపు పట్టలేదు.

అతను ఎదురుగా కూర్చుని, ఒక్కటైనా తప్పు దొరక్కపోతుందా అని, మొదటినించి ఒక్కొక్క పట్టీ తిరగెయ్యడం మొదలుపెట్టాడు.