తోకలేని చుక్కలు

పైడితల్లి గాజుపలక మీది కణాలకు గొట్టాల గుండా ముందు రసం, తర్వాత ద్రావకం వదిలి, పలకను విద్యుత్ తొట్టెలోకి దించింది. తెర మీద కణాలు ఒక్కొక్కటే వెలిగాయి. ద్రావకం విషానికి జన్యుపోగు తెగితే ముక్కలు కణం వెనక తోకలా సాగుతాయి. తెగకపోతే చుక్క చుక్కలాగే ఉంటుంది. ఇవాళా అన్నీ చుక్కలే. అంటే ఈ పూట రసం మంచిదే, గేటు తెరవొచ్చు.

గేటు అవతల ఆడకూలీలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఉసిరి, పసుపు, మునగాకు సారాలు కలిపిన ఆ పుల్లటి రసం కడుపులో పడితేనే ద్రావకాల షెడ్డులోకి పంపుతారు. అక్కడి గాలి జన్యుపోగుల్ని కొరుకుతుంది, రసం కాస్తుంది. అదీ లెక్క.

పలక మీది కణాలు పైడితల్లి సొంత అక్క, ఆమె అప్పా అని పిలిచే ఎర్నమ్మవి. ఆమె ఆ షెడ్డులోనే పనిచేసి, ఆ గాలికే పోయింది. బుగ్గ లోపల గీసి తీసిన కణాలు మాత్రం పెట్టెలోని గిన్నెలో పెరుగుతూనే ఉన్నాయి. రసాన్ని పరీక్షించే ఈ సాక్షి కణాలను ఏటా మార్చాలని నియమం. కానీ కూలీలు ఎర్నమ్మను పేరంటాలు దేవతగా కొలిచి, పెట్టె తలుపుకు పసుపు రాశారు. అమ్మను కదిపితే పనిలోకి రామని పట్టుబట్టారు. యాజమాన్యానికి రోగి కోరిందీ అదే, వైద్యుడు ఇచ్చిందీ అదే అయింది. పైడితల్లికి మాత్రం రోజూ పొద్దున్నే అప్పకు విషం పట్టించడం ఏనాడూ అలవాటు కాలేదు. పెట్టె తెరిచినప్పుడల్లా వీపు వెనక అప్ప నిలబడి ఉన్నట్టే ఉండేది.

"ఏటమ్మా, చుక్కలొచ్చాయా?" ఇన్‌చార్జి సన్యాసినాయుడు తలుపులోంచి అడిగాడు.

వచ్చాయనబోయి ఆగిపోయింది. రసం సీసా నిండుగానే ఉంది. గొట్టంలో గాలిబుడగ అడ్డంపడి, చుక్క రసం కూడా పలక మీద పడలేదు. అప్పకు ఈ పూట ఒట్టి విషమే పట్టింది. అయినా ఒక్క పోగు తెగలేదు.

పైడితల్లికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లు రోజూ విషం తాగీ తాగీ, తెగే కణాలు తెగిపోయి, మొండివే మిగిలాయి. రసం ఉన్నా లేకున్నా అవి చుక్కలుగానే కనిపిస్తాయి. అలా ఎన్నాళ్ల నుంచో ఎవరికి తెలుసు?

బుడగ తీసేసి, తన బుగ్గ లోపల గీసి, ఆ కణాలకు రసమూ విషమూ పట్టించింది. తెర నిండా తోకలే.

"ఈ రసం పనిచెయ్యదు బాబూ. అప్ప కణాలు మొండిబారిపోయాయి."

సన్యాసినాయుడు గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క పూటకీ తెరిసేద్దాం. రేపు సూద్దాం. సాక్షిని మారిస్తే మీ అప్పని పారబొయ్యాల, తెలుసా?"

తెలుసు. లోకంలో అప్పది అంటూ మిగిలింది ఆ గిన్నెడే. అది పోతే అప్పా అని పిలవడానికి ఇంకెవరూ ఉండరు. పైడితల్లి ఏడ్చింది. ఏడుస్తూనే పెట్టెలోంచి గిన్నె తీసి, పక్కనున్న ఆమ్లం తొట్టెలో వంచింది.

"ఇంక పడుకో అప్పా."

సన్యాసినాయుడు గోడకు ఆనుకున్నాడు.

ఆమె గేటు దగ్గరికి వెళ్లింది. "ఎవరూ తాగకండి. ఇది కాపాడదు. ఇన్నాళ్లు కాపాడిందో లేదో కూడా తెలీదు."

"మరి పేరంటాలమ్మ?" ఎవరో అడిగారు.

"వెళ్లిపోయింది. ఇక మన కణాలే సాక్షి. బుగ్గ గీయించుకోండి."

ముందు వరసలో ఉన్న గౌరమ్మకు ఏడో నెల. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "నాను రోజూ ఇది తాగే షెడ్డులోకెల్లినానమ్మా. లోపల దానికీ తోకలొచ్చుంటాయా?"

"తెలీదమ్మా," అంది పైడితల్లి.

గౌరమ్మ గ్లాసులో రసం నేల మీద పారబోసి, బుగ్గ గీయమని నోరు తెరిచింది. షెడ్డు సైరన్ మోగింది. లోపలికి ఎవరూ కదల్లేదు.