అఖిల్ మాట్లాడిన ఆదివారం

నిరుడు చనిపోయిన కుర్రాడు ఆ ఉదయం మొదటిసారి తడబడకుండా మాట్లాడాడు.

కాత్యాయని హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టింది. సిడ్నీ శివారు పారమట్టాలో, నిఘా విభాగపు కిటికీల్లేని ఆ ఆఫీసు గదిలో ఏసీ చప్పుడు తప్ప మరేమీ లేదు. కొన్ని వారాలుగా ఆమెకు ఒకటే డ్యూటీ, ఓ విదేశీ ముఠా సర్వర్ నుంచి రహస్యంగా లాగిన ఆడియో ఫైళ్ళు వినడం. మొదట్లో ఆ గొంతు పసిపిల్లాడిలా అక్షరాలు కూడబలుక్కునేది. తర్వాత మాటలొచ్చాయి. ఇప్పుడు ఏడుపు కూడా వచ్చింది.

"రెడీ అయిందా?" అన్నాడు సెక్షన్ చీఫ్ శివప్రసాద్.

"అయింది సర్. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా నేర్చుకున్నాడు."

"నేర్చుకుంది అనండి. అది సాఫ్ట్‌వేర్."

కాత్యాయని ఫైలు మూసేసింది. రాత్రుళ్ళు గిన్నెలు కడుగుతుంటే కుళాయి నీళ్ళ చప్పుడులో కూడా ఆ గొంతే వినిపిస్తోందని చీఫ్‌తో చెప్పలేం కదా.

అఖిల్‌ది జనగామ దగ్గర పల్లె. సిడ్నీలో మాస్టర్స్ చదివేవాడు. ఓ స్టేషన్ బయట "మీ దేశానికి పో" అంటూ కొందరు కొట్టిన దెబ్బలకు ప్రాణం పోయింది. కొడుకు శవం కోసం వచ్చిన తల్లి కౌసల్య కేసు కోసం ఉండిపోయింది. పౌరహక్కుల ఉద్యమం నడిపే డాక్టర్ జయశ్రీ ఆమెను వెంటబెట్టుకుని తిరిగింది. స్కోఫీల్డ్స్ కాలనీ బార్బెక్యూ విందుల్లో, చర్చి హాళ్ళలో, ఎంపీల ఆఫీసుల్లో కౌసల్య తెలుగులో చెప్పేది, జయశ్రీ ఇంగ్లీషులోకి మార్చేది. జాతిద్వేష నేరాల బిల్లుకు మద్దతు ఒక్కొక్క మనిషిగా అలా కూడింది.

"ఆదివారం పార్కులో జయశ్రీవాళ్ళ ర్యాలీ," అన్నాడు శివప్రసాద్. "రోడ్డుకు అవతల వలసలు ఆపాలనే వాళ్ళ ర్యాలీ. రెండు వైపులా మంట ఎగదోస్తున్నది ఒకే ముఠా. కౌసల్యగారు మాట్లాడుతుండగా కొడుకు ఆఖరి ఫోన్ కాల్ అంటూ, అతని పాత వీడియోల నుంచి తయారుచేసిన ఈ గొంతు వినిపిస్తారు. మనవాళ్ళు రెచ్చిపోయి బారికేడ్లు దూకుతారు. అవతల ముఠా మనుషులు కత్తులతో రెడీగా ఉంటారు. లైవ్ టీవీలో రక్తపాతం. ఆ తర్వాత బిల్లు సంగతి ఎవడూ ఎత్తడు."

"ర్యాలీ క్యాన్సిల్ చేయిస్తే?"

"ఇంకోచోట వినిపిస్తారు. మనకు ఆ ముఠా మనుషులు దొరకాలి."

"కనీసం ఆమెకు చెబుదాం సర్. తల్లి."

"నో. ఆమె ముఖంలో తేడా కనిపిస్తే వాళ్ళు జాగ్రత్తపడతారు. ఇది ఆర్డర్."

*

మర్నాడు మధ్యాహ్నం హారిస్ పార్క్ పేటలోని స్వీట్ షాపులో మూలబల్ల దగ్గర తెల్లసూటు, నల్లకళ్ళద్దాలతో ఒక అందగత్తె కూర్చుని ఉంది. కాత్యాయని ఆగింది.

"ఇక్కడ మజ్జిగ దొరుకుతుందా?"

"దొరుకుతుంది. పులుపు ఎక్కువ."

కోడ్ కలిసింది. కోడ్‌నేమ్ కోకిల, అసలు పేరు సృజన. పెద్ద పెద్ద ఎన్నికల ప్రచారాలకు మాటలు రాసే మనిషి. ముఠా దగ్గర పనిచేస్తూనే ఈ మధ్య డిపార్ట్‌మెంట్ వైపు తిరిగింది.

"స్టేజీ పక్కన పెద్ద స్క్రీన్ ఉన్న ట్రక్కు వస్తుంది," అంది సృజన గొంతు తగ్గించి. "గొంతుతో పాటు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేస్తారు. ట్రక్కులో ఆపరేటర్ ఒక్కడే. ఆ ఫైలు బయటి నుంచి ఫోన్ సిగ్నల్ మీద వస్తుంది. జామర్ పెడితే ఆగిపోతుంది. నేను వాడి పక్కనే ఉంటాను."

"మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?"

సృజన కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఆ గొంతుకి మాటలు రాసింది నేనే. కాగితం మీద బాగానే ఉన్నాయి. ఆ కుర్రాడి గొంతులో విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు."

*

ఆదివారం ఎండ మండిపోతోంది. ఫస్ట్ ఎయిడ్ వాలంటీర్ వేషంలో కాత్యాయని జనంలోంచి నడిచింది. చేతిలో ఐస్ బాక్సు, దాని అడుగున జామర్. అవతలి వైపు జెండాలు, కేకలు. మధ్యలో పలచగా పోలీసులు.

స్టేజీ మీద కౌసల్య మొదలుపెట్టింది. పక్కన జయశ్రీ అనువదిస్తోంది. కాత్యాయని ట్రక్కు వెనక్కి చేరి జామర్ ఆన్ చేసింది.

లోపల ఆపరేటర్ ఫోన్ చూసుకున్నాడు. సిగ్నల్ లేదు. తిట్టుకుని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఆ సంగతి సృజనకూ తెలియదు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. వాడు మోచేత్తో కొట్టిన దెబ్బకు మెట్ల మీద పడింది.

కాత్యాయని లోపలికి దూకేసరికి ఆలస్యమైపోయింది.

"అమ్మా..."

పార్కంతా స్తంభించింది.

"అమ్మా, పోలీసోళ్ళు చూస్తూ నిలబడ్డారు. వీళ్ళలో ఒక్కణ్ణి కూడా వదలొద్దు..."

ఆపరేటర్ మెడ మీద ఒక్క దెబ్బ వేసి, కాత్యాయని పవర్ కేబుల్ ఊడబీకింది. స్క్రీన్ చీకటైంది. కానీ వినాల్సినంతా జనం వినేశారు. ఎవరో అరిచారు. బారికేడ్ మొదటి వరస కూలింది. అవతల కొందరు వంగి బ్యాగుల జిప్పులు లాగుతున్నారు.

రేడియో ఇయర్‌పీస్‌లో శివప్రసాద్: "కాత్యాయనీ, బయటకు వచ్చెయ్యండి. మీ ముఖం కెమెరాల్లో పడకూడదు."

ఆమె స్టేజీ వైపు పరుగెత్తింది.

కౌసల్య కదలకుండా నిలబడి ఉంది. జయశ్రీ అనువాదం ఆపేసి చీకటైన స్క్రీన్ వైపే చూస్తోంది.

"ఆంటీ, అది మీ అబ్బాయి కాదు. మెషిన్. దయచేసి..."

"నాకు తెల్వదా బిడ్డా," అంది కౌసల్య. మైకు దగ్గరికి లాక్కుంది. "గీ మాట అందరికి అర్థమయ్యేటట్టు చెప్పు."

దేశమంతా చూస్తున్న కెమెరాల ముందు కాత్యాయని ఆమె పక్కన నిలబడింది.

"అది నా కొడుకు కాదు," అంది కౌసల్య. కాత్యాయని ఇంగ్లీషులో చెప్పింది. "వీడియోలల్ల, దోస్తుల ముంగట అమ్మ అంటడు. నాతోని మాట్లాడితే అవ్వా అంటడు. సచ్చిపోయే ముంగట ఫోన్ల గూడ అవ్వా అనే అన్నడు. నీళ్ళు కావాలన్నడు. ఎవ్వల్ని కొట్టుమనలె."

కాత్యాయని ఒక్క మాట వదలకుండా చెప్పింది.

"నా కొడుకు పేరు జెప్పి మిమ్ముల ఉరికిస్తున్నరు. ఉరుకకున్రి. కూసోన్రి."

ఆమె తనే స్టేజీ మీద కింద కూర్చుంది. జయశ్రీ కూర్చుంది. ముందు వరసలో ఓ ముసలాయన, ఆయన వెనక తలపాగా కుర్రాళ్ళు, నీలికళ్ళ టీచరమ్మ. కూలిన బారికేడ్ దాకా మనుషులు అలా వంగుతూ వచ్చారు. పచ్చికలో అంతా కూర్చున్నాక అవతల చేతుల్లో కత్తులున్నవాళ్ళు అందరికీ కనబడిపోయారు. వాళ్ళ పక్కనున్న జెండాలవాళ్ళే భయపడి దూరం జరిగారు. పోలీసులకు వెతికే పని లేకపోయింది.

*

ఆ వారం బిల్లు గట్టెక్కింది. సృజన కస్టడీలో అన్నీ చెబుతోంది. ముఖం దేశమంతా చూసింది కనుక కాత్యాయనిని ఫీల్డు నుంచి తప్పించారు.

కౌసల్య ఊరికి బయలుదేరే రోజు కాత్యాయని జయశ్రీ ఇంటికెళ్ళింది. పెరట్లో కౌసల్య తన చీరలు మడతపెడుతోంది.

"బిడ్డా, ఆ గొంతు మీ తాననే ఉన్నదా?"

"ఉంది ఆంటీ. సీలు వేశారు."

కౌసల్య చేతిలోని చీర మడత పూర్తిచేసింది. మళ్ళీ విప్పింది.

"అబద్ధపుదే అని తెలుసు. గని గొంతయితే వానిదే. దానితోని..." ఆగింది. "అవ్వా అని ఒక్కసారి అనిపియ్యొస్తదా?"

కాత్యాయనికి ఆ సాఫ్ట్‌వేర్ లోతుపాతులన్నీ తెలుసు. మాట టైప్ చేసి బటన్ నొక్కితే చాలు.

"రాదు ఆంటీ," అంది. "దానికి ఆ మాట రాదు."

కౌసల్య కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తల ఊపి చీర పెట్టెలో పెట్టుకుంది.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కాత్యాయని ఎన్నో అబద్ధాలు చెప్పింది, అన్నిటికీ పైవాళ్ళ అనుమతి ఉంది. దీనికి మాత్రం ఎవర్నీ అడగలేదు.