సంతకు పోని చెట్టు

"నొక్కొద్దప్పా! నొక్కినకాడ నల్లగా కమిలిపోతాది. మళ్ల దాన్ని ఎవురు కొంటారు, మీ ఆఫీసోళ్లా?"

ఇస్త్రీ చొక్కాలో ఆఫీసువాడిలా కనిపిస్తున్న శశికుమార్ ఉలిక్కిపడి మామిడిపండును గంపలో పెట్టేశాడు. అది 2001 మే నెల. హోసూరులో, రైతులే పంట తెచ్చి అమ్ముకునే ఉళవర్ సంత. అరిచిన అమ్మాయి త్రివేణి. వేప్పనపల్లి దగ్గర వాళ్లకు మామిడితోట ఉంది.

తిట్లు తిన్నవాడు మరో గంప చూసుకోవాలి కదా! శశికుమార్ మరుసటి ఆదివారమూ మత్తిగిరి నుంచి సైకిలేసుకుని అక్కడికే వచ్చాడు. ఆ పై ఆదివారం వానలో తడుస్తూ వచ్చాడు. ఇంట్లో వాళ్లమ్మ అంజనమ్మ ఆ పండ్లు తినలేక వీధంతా పంచిపెట్టేది. చేతుల్లో సెల్‌ఫోన్లు లేని రోజులవి, ఆదివారం దాకా ఆగాల్సిందే. ఆ ఎదురుచూపులను తలచుకుంటే శశికుమార్‌కు ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది.

"ఇన్ని పండ్లు ఏం చేస్తావప్పా?" అంది త్రివేణి ఒకరోజు, నవ్వాపుకుంటూ.

"ఫ్రెష్‌గా ఉండాయని..."

"ఫ్రెష్ కావల్లంటే తోటకే రా. నీ చేత్తోనే కోసుకుందువు."

జూన్‌లో వెళ్లాడు. వాళ్ల నాన్న కేశవప్ప చెట్లకు కొట్టే పురుగుమందు కొనడానికి కృష్ణగిరి పోయి ఉన్నాడు. త్రివేణి వల కట్టిన గెడ అందించి, మోటారు షెడ్డు పక్కనున్న మల్గోవా చెట్టు చూపించింది.

"దీంట్లోనే కొయ్యి. తొడిమ ఇరగనియ్యొద్దు, సొన కారతాది."

శశికుమార్ చొక్కా నిండా సొన చేసుకుని రెండు సంచులు నింపాడు. ఆమె పైన గడ్డి కప్పి, బస్సెక్కించి పంపింది.

ఆ తర్వాతి ఆదివారం సంతలో కూతురి పక్కన కేశవప్ప కూర్చుని ఉన్నాడు.

"మల్గోవా కోసింది నువ్వేనా? ఆ చెట్టు కాయ మేము అమ్మమప్పా. ఆడబిడ్డకు సంబంధం కుదిరితే, తాంబూలంతో మగపిల్లోడి ఇంటికి పంపేది. బుధవారం త్రివేణిని చూసేదానికి కుప్పమోళ్లు వస్తా ఉండారు. కుదిరితే వాళ్లకు ఏం పంపల్ల?"

శశికుమార్ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. త్రివేణి వేరే ఇంటికి పోతుందా? ఇప్పుడు నోరు తెరవకపోతే ఇంకెప్పుడూ అవకాశం ఉండదు. అయినా చెట్టు చూపించింది ఆమేనని మాత్రం బయట పెట్టలేదు.

"తెలీక నేనే కోసినాను. తప్పు నాదే. కానీ పెద్దాయనా, నాకు త్రివేణి అంటే ఇష్టం."

"ఆయప్పకు తెలీదు నాయనా," అంది త్రివేణి, చేతిలోని తక్కెడ కింద పెడుతూ. "నాకు తెలుసు. తెలిసే చూపించినాను."

శశికుమార్‌కు సంత చప్పుడంతా ఆగిపోయినట్టయింది. కేశవప్ప అతని వైపు తిరిగాడు.

"మీ ఇల్లు యాడప్పా?"

"మత్తిగిరి. అమ్మ ఉంటాది."

"కుప్పమోళ్లకు రావద్దని ఫోన్ చేస్తాను," అంటూ ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "పద, మీ అమ్మతో మాట్లాడల్ల. కాయలు ముందే పోయి కూర్చున్నాయి, మనుషులమే ఆలస్యమైనాము."