మిణుగురు తెర

"స్క్రీన్ చూస్తే తల పగుల్తున్నది సార్. నాకే గిట్లుంటే చిన్నపిల్లల గతేంది? రేపు ఎవరికన్నా కళ్లు పోతే?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ దయాకర్ నిట్టూర్చాడు. "పద్మావతీ, నువ్వు సెక్షన్ ఎయిట్ ఏజెంట్‌వి. ఫికర్ జేసుడు నీ డ్యూటీ కాదు. లోపలికి పో."

నాచారం మెయిన్ రోడ్డు దాటడానికి పద్మావతి అటూ ఇటూ రెండుసార్లు చూసింది. నెల కింద ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, నంబర్ ప్లేటుకు మట్టి పూసిన లారీ ఒకటి ఆమె తమ్ముడు ఉపేందర్‌ను తొక్కేసింది. ఉపేందర్ కూడా సెక్షన్ ఎయిట్ గూఢచారే. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు.

ఎదురుగా 'నయన మొబైల్స్'. పైకి స్క్రీన్లు మార్చే షాపు. లోపల సముద్రం అవతలి ముఠా ఒకటి పని చేస్తోంది. డిపార్ట్‌మెంట్ ఫైల్లో దాని పేరు మిణుగురు. వాళ్లు వేసే తెర సెకనుకు కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతుంది. మామూలు కంటికి కనబడదు. కొందరికి మాత్రం కళ్లు గుంజుతాయి, కడుపులో తిప్పుతుంది. ఫోన్‌లోని ఫైళ్లు ఆ మిణుకుల్లో కలిసి బయటికొస్తే ముఠా పెట్టిన కెమెరా వాటిని చదువుకుంటుంది. నెట్‌తో పని లేదు.

పద్మావతి వేషం: నెరిసిన విగ్గు, నైలాన్ సంచి, చేతిలో కంటి దవాఖానా చీటీ. చెవి కమ్మలో మిణుకుల్ని పట్టే సెన్సర్. దానికన్నా ముందు ఆమె తలే చెప్పేది.

కౌంటర్ వెనక విజయశ్రీ నిలబడి ఉంది. నెమలికంఠం రంగు చీర, షాపంతా ఆమె సెంటు వాసన. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు అందించే మనిషి.

"కళ్లు గుంజని ఫోన్ కావాలె చెల్లె. పాత ఎల్‌సీడీ అయినా మంచిదే."

"పాతవి ఇప్పుడెవరు కొంటున్నరక్కా. కూసో, చాయ్ తాగు."

కోడ్ కలిసింది. పద్మావతి ఒక్కో ఫోన్ తీసి చూసింది. మొదటిదానికి కణతలు కొట్టుకున్నాయి. రెండోదానికి నీళ్లు కారాయి. మిషన్ సంగతి సరే, నిజంగానే ఒక్క మంచి ఫోన్ దొరికితే కొనుక్కుందామని ఆమెకూ ఉంది.

అప్పుడే కరుణాకర్ వచ్చాడు. రాడార్ ఇంజనీర్. ఆఫీసు ఇచ్చిన ఫోన్ తెర పగిలితే ఇక్కడే మార్పించుకున్నాడు. అందులో కొత్త రాడార్ డ్రాయింగులున్నాయి. అతన్ని లోపలికి పోనివ్వకుండా కౌంటర్ దగ్గరే ఆపాలి. విజయశ్రీకి అప్పజెప్పిన పని అదే.

"ఏం స్క్రీన్ ఏసిన్రు మేడం? పది నిమిషాలు చూస్తే వాంతికొస్తున్నది."

"బ్రైట్‌నెస్ మస్తు పెట్టుకున్నరు సార్. లోపల చీకటి రూమ్ ఉన్నది. అండ్ల కూసొని మొత్తం తగ్గించుకోండి. కళ్లకు సల్లగుంటది."

చాయ్ కప్పు పద్మావతి నోటి దగ్గరే ఆగిపోయింది. చనిపోయే ముందు రోజు ఉపేందర్ చెప్పిన మాట ఆమె మరచిపోలేదు. "కళ్లు గుంజితే అందరు వెలుగు తగ్గిస్తరక్కా. తగ్గిస్తేనే గీ తెరలు ఎక్కువ మిణుకుమంటయ్. దొంగలకు కావాల్సింది గదే."

కరుణాకర్ లోపలికి వెళ్లిపోయాడు. పద్మావతి లేచింది.

"నేను గూడ జరసేపు చీకట్ల కూసుంట."

"నువ్వొద్దు." విజయశ్రీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

పద్మావతి కప్పులోని పొగలు కక్కే చాయ్ విజయశ్రీ చేతి మీద పడింది. పిస్టల్ కింద పడింది. పద్మావతి దాన్ని అందుకుని రూమ్‌లోకి దూకింది. సీలింగ్‌లో కెమెరా. గోడ మీది బాక్సులో, ఫైళ్లు ఎంత వరకు వచ్చాయో చూపే పచ్చగీత చివరి దాకా నిండుతోంది. ఇంకొక్క వెంట్రుకవాసి. ఆమె కరుణాకర్ చేతిలోని ఫోన్ లాక్కుని బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచింది. రూమ్ తెల్లబడింది. పచ్చగీత అక్కడే ఆగి ఎర్రబడింది.

"ఏం జేస్తున్నవమ్మా?"

"మీ కళ్లు కాపాడుతున్న సార్. పనిల పని, దేశాన్ని గూడ. మీరు ఇంటికి పోండి."

అతను వెళ్లగానే షట్టర్ దించింది. కాలిన చేయి పట్టుకుని కౌంటర్ వెనక కూలబడ్డ విజయశ్రీని పిస్టల్ చూపి తెచ్చి, చీకటి రూమ్‌లో కుర్చీకి కట్టేసింది.

"ఉపేందర్ పేరు మీకెవరు చెప్పిన్రు?"

"కాల్చుకో అక్కా. కాల్చినా నీ తమ్ముడు రాడు."

"రాడు. అందుకే నాకు తొందర లేదు." పద్మావతి షోకేసులోని ఫోన్ ఒకటి తెచ్చి, వెలుగు బాగా తగ్గించి, ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "వాడు మీ తెరలు చూసి చూసి తల గోడకు కొట్టుకునేటోడు. నేను కొబ్బరినూనె రాసి పండుకోబెట్టేదాన్ని. సూడు. కళ్లు మూస్తే చేతులతోని తెరుస్త."

చాలాసేపటికి విజయశ్రీ కళ్ల నుంచి నీళ్లు కారాయి. ముఖం పక్కకు తిప్పుకుంది.

"నీ చెవుల కూసున్నాయనను అడుగు."

పద్మావతి ఉలిక్కిపడలేదు. ఉపేందర్ ఈ కేసు మీద ఉన్నాడని తెలిసింది ఆమెకూ, దయాకర్‌కే. నెలంతా ఆమెను తినేసిన భయం ఇదే. అందుకే పొద్దున ఇల్లు కదిలే ముందే, ఇన్‌స్పెక్టర్ దుర్గేష్‌ను పీర్జాదిగూడలో దయాకర్ మిషన్ నడిపించే అతని ఇంటి సందులో జీపుతో నిలబెట్టి వచ్చింది. ఇప్పుడు అతనికి ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చింది.

"సార్, విన్నరు గదా. నా తమ్మున్ని అమ్మింది మీరేనా?"

ఇయర్‌పీస్‌లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. బయట రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అవతల ఎక్కడో కాలింగ్ బెల్ మోగింది. మళ్లీ మోగింది. పద్మావతి పిస్టల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చివరికి దయాకర్ గొంతు సవరించుకున్నాడు.

"తలుపు నేనే తియ్యాల్నా పద్మావతీ, లేకుంటే మీవోళ్లే పలగ్గొడ్తరా?"