గొంతు జల్లెడ

అంగారకుడి మీద బయటి తలుపుకు ఒక మర్యాద ఉంది. స్పేస్ సూట్ తొడుక్కుని వచ్చిన మనిషిని అది అడుగుతుంది: "అన్నీ సరిగ్గా ఉన్నాయా?" ఉన్నాయని ఆ మనిషి తన నోటితో చెప్పాలి. సూట్ మీద పచ్చదీపం వెలుగుతున్నా, పక్కవాళ్ళు వంద హామీలిచ్చినా తలుపు వినదు. తొంభై సెకన్లు ఆగి "మళ్ళీ రండి" అంటుంది. మూడుసార్లు అలా అనిపించుకుంటే బయటికెళ్ళే అనుమతి రద్దు. 2094లో అరుణపురం గుమ్మటం కింద ఉంటున్న పదకొండు వందల మందికీ ఇది పళ్ళు తోముకున్నంత మామూలు సంగతి.

ఇందుమతికి మాత్రం ఆ ఒక్క మాటా నోట్లోంచి వచ్చేది కాదు. ఇప్పటికి రెండుసార్లు తప్పింది.

ఉత్తరపు లోయ కింద మంచు ఉందని రాడార్ పటాలు చూసి కనిపెట్టింది తనే. దాన్ని మొదటిసారి తవ్వడానికి బండి ఈ మధ్యాహ్నమే బయల్దేరుతోంది. మళ్ళీ తప్పితే ఆ మంచు దగ్గరికి తను తప్ప అందరూ వెళతారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా!

కారణం ఆమెకు తెలుసు. భార్గవతో తొమ్మిదేళ్ళు కాపురం చేసింది. అతను ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. నవ్వుతూ, మెల్లగా, "సరిగ్గా చూశావా? నువ్వా?" అనేవాడు. తాళం వేసినా, కూరలో ఉప్పు వేసినా, ఆఫీసులో లెక్కగట్టి వచ్చినా అదే మాట. ఆమె విజయనగరం యాసను నలుగురిలో అనుకరించి నవ్వించేవాడు. ఆమె ఆ యాస మానేసింది. తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. అతన్ని వదిలి ఎనిమిదేళ్ళయింది. ఇరవై రెండు కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చింది. ఆ గొంతు టికెట్ లేకుండా వెంటే వచ్చింది.

"ఈరోజుతో దాని పని అయిపోయినట్టే మ్మే!" అంటూ డాక్టర్ మస్తానమ్మ ఆమె తలకు టోపీ బిగించింది. మస్తానమ్మది నెల్లూరు. నాడీశాస్త్రంలో తలపండిన మనిషి. ఈ టోపీకి ఇరవై ఏళ్ళు ధారపోసింది. దాని పేరు గొంతు జల్లెడ.

పని చేసే తీరు తేలికే. మనసులో మాట పుట్టినప్పుడు మెదడులోని వాక్కేంద్రం సన్నటి విద్యుత్ సంకేతాలు పంపుతుంది. టోపీలోని ఎలక్ట్రోడ్లు వాటిని పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని శబ్దంగా మార్చి, ముందే ఇచ్చిన గొంతుముద్రతో పోల్చుతుంది. పోలిక కుదిరిన గొంతును జల్లెడ ఆపేస్తుంది. ఇక జన్మలో అది వినబడదు.

గొంతుముద్రకు కొదవ లేదు. భార్గవ పంపిన నాలుగు వందల పన్నెండు వాయిస్ మెసేజీలు ఇందుమతి దగ్గర భద్రంగా ఉన్నాయి. తను చెబితే ఎవరూ నమ్మరేమోనని సాక్ష్యంగా దాచుకుంది.

"తలుపు దగ్గర నిలబడుండావు అనుకో," అంది మస్తానమ్మ.

ఇందుమతి కళ్ళు మూసుకుంది. గొంతు వచ్చేసింది.

తెర మీద మాత్రం ఒకటే ఫలితం: పోలిక సున్నా.

మస్తానమ్మ మీటలు సరిచేసి మళ్ళీ చూసింది. సున్నా. "ఏందిది! ఆడు లోపల లేడంటుండాదే యంత్రం!"

"ఉన్నాడు డాక్టరమ్మా, ఇప్పుడే అన్నాడు. నాకు వినిపించింది."

"అయితే అదేందో నేనూ వింటా ఉండు," అని మస్తానమ్మ స్పీకర్ మీట నొక్కింది.

గదిలో ఒక ఆడగొంతు పలికింది.

"మళ్ళీ సూడు. నువ్వెప్పుడేటి సరిగ్గా సేసేవు?"

భార్గవ నోట వెక్కిరింతకు తప్ప ఎన్నడూ రాని యాస అది. గొంతు ఇందుమతిదే. అతను ఎప్పుడో మానేసిన ఉద్యోగాన్ని ఇన్నేళ్ళుగా తనే జీతం లేకుండా చేస్తోంది!

మస్తానమ్మ కుర్చీలో కూలబడింది. "ఇరవై ఏండ్లు! నేను నోరు మూయించాల్సింది నిన్నా? ఇప్పుడీ గొంతు ఆపితే నీ పాటా పోతాది, నీ ఆలోచనా పోతాది. కావాలంటే సగం ఆపుతా. గంటలో బండెక్కచ్చు. చెప్పు."

ఇందుమతి ఏడుస్తోంది. చూస్తుండగానే ఆ ఏడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది.

"వద్దు డాక్టరమ్మా! అతని గొంతని కదా ఇన్నాళ్ళూ నోరెత్తలేదు. ఇది నాదే అయితే నానెందుకు బయపడాలి? దానికి నానే బుద్ధి సెప్తాను!"

తను ఏ యాసలో మాట్లాడిందో ఆమె గమనించనే లేదు. మస్తానమ్మ గమనించింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

గంట తర్వాత తలుపు అడిగింది: "అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

గొంతు ఠంచనుగా వచ్చింది. మళ్ళీ సూడు. ఇందుమతి సూట్ బిగింపు చూసుకుంది. మళ్ళీ సూడు. రెండోసారీ చూసుకుంది. డెబ్బై సెకన్లు గడిచాయి. మళ్ళీ సూడు.

"రెండుసార్లు సూసేను కదే! ఇంక ఊరుకో," అని పైకే గదిమింది. తర్వాత తలుపు వైపు తిరిగి, గుమ్మటమంతా వినబడేలా చెప్పింది: "అన్నీ సరిగ్గానే ఉన్నాయి!"

తలుపు తెరుచుకుంది. ఎర్రటి నేల మీద మధ్యాహ్నపు వెలుగు పరుచుకుని ఉంది. బండి దగ్గర ఉన్నవాళ్ళు చేతులూపుతూ రేడియోలో కేకలు వేశారు.

మూడు గంటల తర్వాత లోయలో డ్రిల్లు తెల్లటి మంచును పైకి తెచ్చింది. ఆ గోలలోనే మస్తానమ్మ రేడియోలో పిలిచింది.

"ఏమ్మే, ఆ గొంతు పోయిందా?"

"ఎక్కడికి పోతాది డాక్టరమ్మా, ఇక్కడే ఉన్నాది."

"ఏమంటుండాది?"

"ఇది మంచు కాదేమో, మళ్ళీ సూడు అంటన్నాది."

"నువ్వేం చేశావు?"

ఇందుమతి చేతి తొడుగులో మంచుముక్క తళతళలాడుతోంది.

"దానికే సూపించేను."