మూడో సీసాలో బుడగ

"మళ్ళీ బుడగ!" ల్యాబ్ అమ్మాయి సీసాను వెలుతురులోకి ఎత్తి చూపించింది. "నీళ్ళలో ఉండగానే మూత బిగించమని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పానా, లేదా?"

ఊట మీద కట్టిన రాతిగదికి కాపలా ఉండే యువకుడు బుర్ర గోక్కున్నాడు. "బుడగ లేకపోతే మీరు మళ్ళీ రమ్మనరు కదా మేడమ్!"

కోపం రావాల్సింది, ఆమెకు నవ్వొచ్చింది. ఊటనీళ్ళలో కలిసొచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు బుడగలోకి జారుకుంటుంది. ఇక ఆ పరీక్ష చెల్లదు. ఇలా చెల్లకపోవడం ఇది మూడోసారి.

అతను సీసా అందుకోవడానికి వంగాడు. బల్లమీద ఊరికే ఉన్న, రేడియేషన్ కొలిచే కౌంటరు ఒక్కసారిగా టిక్‌టిక్‌మని గోల మొదలుపెట్టింది. అతను వెనక్కి జరిగితే తగ్గింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

"ఇంట్లోనే."

"అబద్ధం! ఊటగది గాలి మీ స్వెట్టర్‌కి పట్టినా మూడు గంటల్లో పోతుంది. మీరు తిన్నగా ఆ గదిలోంచే వస్తున్నారు."

అతను తల దించుకున్నాడు. "పరీక్షలో రేడాన్ ఎక్కువుందని తేలితే గదికి తాళం వేస్తారట. మా నాన్న అక్కడున్నారు మేడమ్."

ఆ గదికి ఇరవై ఏళ్ళు కాపలా ఉన్న తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఏడాది దాటింది. అంటే బుడగలు తనకోసం కాదన్నమాట. ఆమె మనసు చివుక్కుమంది. అంతకంటే ఎక్కువగా అతని గురించి భయమేసింది.

ఆ మధ్యాహ్నమే కౌంటరు పట్టుకుని అతని వెంట వెళ్ళింది. కిటికీ లేని రాతిగది. లోపలికి అడుగుపెట్టగానే టిక్కులు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నీళ్ళ అడుగునుంచి ఎవరో గొంతు సవరించుకుని దగ్గారు. ఆమె చటుక్కున నీళ్ళవైపు తిరిగింది.

"రోజూ ఇంతే. నాన్నను ఒంటరిగా వదిలేసి ఎలా పోను?"

"ఆయన్ని పొట్టన పెట్టుకుంది ఈ గాలేనేమో! నీకూ ఏమన్నా అయితే నేనేమైపోవాలి?"

నోరు జారాక నాలుక కరుచుకుంది. అతను చెయ్యి మోచేతిదాకా ముంచి, సీసా నింపి, నీళ్ళలోనే మూత బిగించాడు. ఒక్క బుడగ లేదు.

"అన్ని బుడగలూ గదికోసమేనా?" అడిగింది.

"మొదటిది గదికోసమే. మిగతా రెండూ..." అతని చెవులు ఎర్రబడ్డాయి.

బయటికొచ్చి తలుపు వేశారు. కౌంటరు నెమ్మదించింది. లోపలినుంచి మళ్ళీ దగ్గు, ఈసారి తలుపుకి ఆనుకునే. గొళ్ళెం మీదికి వెళ్ళబోయిన అతని చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది.

"విన్నారా?"

"విన్నాను," అంది, వణుకుతూనే. "మామయ్యగారు మనల్ని వెళ్ళమంటున్నారు."