నిలబడ్డ రాయి

హెస్టర్ కియర్టన్ రొప్పుతూ వచ్చేసరికి డిటెక్టివ్ ఆగ్నెస్ థ్వెయిట్ టీ తాగుతోంది.

"శనివారం నా పెళ్లి, ఆగ్నెసమ్మా. పెళ్లికొడుకు ఏమోస్‌ని దొంగంటున్నాడు అన్నయ్య. సాయంత్రానికి పోలీసుల్ని పిలుస్తాడట!"

హెస్టర్ ఇంట్లో పొయ్యి పక్కన, గోడలో, ఉప్పు చెమ్మగిల్లకుండా దాచే చిన్న అర ఉంది. తల్లి ఇచ్చిన ముత్యాల పిన్ను అందులో ఉండేది. తాళంచెవి హెస్టర్ మెడలోనే ఉంది. పిన్ను మాత్రం, వాళ్ల కొట్టం బాగుచేస్తున్న తాపీమేస్త్రీ ఏమోస్ పనిసంచిలో దొరికింది.

ఆగ్నెస్, సహాయకురాలు విన్నీని వెంటబెట్టుకుని ఆ రాతి ఇంటికి వెళ్లింది. హెస్టర్ అన్న రూబెన్‌కి పట్నంలో బట్టల కొట్టుంది. గ్లౌజులు తీయకుండానే టీ అందించాడు.

"చలికి వేళ్లు పగిలాయండీ" అన్నాడు.

తర్వాత బయటికి, ఇంటి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఉప్పు అరకి వెనకవైపు గోడ అదే. అక్కడొక రాయి చుట్టూ సున్నం కొత్తగా ఉంది.

"రాయి ఊడదీసి మళ్లీ పెట్టడం ఎవరివల్లవుతుంది? మా కాబోయే బావగారివల్లే!"

"నోరు జాగ్రత్త, రూబెన్" అన్నాడు కొట్టం నుంచి అప్పుడే వచ్చిన ఏమోస్.

ఆగ్నెస్ గోడమీద వేలు నడిపింది. అన్ని రాళ్లలోనూ పొరలు అడ్డంగా ఉన్నాయి. ఆ ఒక్క రాతిలో నిలువుగా ఉన్నాయి. విన్నీ అది రాసుకుంది కానీ, ఎందుకో తెలియలేదు.

"ఏమోస్, గోడలో రాయి ఎలా పెడతావు?"

"కొండలో ఎలా పడుకుందో అలాగే పడుకోబెడతానమ్మా. నిలబెడితే మంచుకి పొరలు లేచిపోతాయి. ఈ సంగతి మా నాన్న చెంప పగలగొట్టి నేర్పాడు."

ఆగ్నెస్ అందరినీ అక్కడికే పిలిచింది.

"ఈ రాయి నిలబడి ఉంది. ఏమోస్ నిద్రలో కూడా ఇలా పెట్టడు. పని రానివాడెవరో నేరం మేస్త్రీ మీదికి నెట్టడానికి పెట్టాడు. తడి సున్నం వేళ్లని కాలుస్తుంది. అది తెలిసిన మేస్త్రీలు చేతులకి గొర్రెకొవ్వు పూసుకుంటారు. రూబెన్, గ్లౌజులు తీయండి."

అతను కదల్లేదు. హెస్టరే లాగేసింది. వేళ్లనిండా బొబ్బలు.

"నాన్న నీకిచ్చిన ఇల్లు ఈ రాళ్లుకొట్టేవాడి పాలు చేస్తావా?" అని అరిచాడు రూబెన్.

"పట్నం బండి నాలుగింటికి, అన్నయ్యా. పెళ్లికి రావద్దు."

విన్నీ ఆగ్నెస్ వైపే కళ్లార్పకుండా చూస్తోంది. ఏమోస్ అప్పటికే ఉలి తీశాడు.

"ఇప్పుడా?" అంది హెస్టర్.

"దీన్ని పడుకోబెట్టాలి కదే. మంచు మన పెళ్లిదాకా ఆగుతుందా?"